ఎక్కని గాజులు

అక్కా,

నీ కూతురు పద్మకి పదిరోజుల క్రితం ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఏడోనెల సీమంతంలో పద్మ చేతులు ఉబ్బి గాజులు ఎక్కలేదు. "ఒళ్ళు చేసిందిలెండి, కాస్త సబ్బు రాయండి" అన్నారు వాళ్ళ అత్తగారు నవ్వుతూ. నీ సీమంతంలో అలాగే సబ్బు రాసి గాజులెక్కించింది నేనే. తలనొప్పిగా ఉందని నువ్వంటే ఎండ వల్లేననుకున్నాం. పద్మని కంటూనే ఫిట్సొచ్చి వెళ్ళిపోయావు.

ఈసారి గాజులు పళ్ళెంలోనే వదిలేసి, పద్మని పట్టుచీరతోనే బందరు బస్సెక్కించాను. అత్తగారు ముఖం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ. "బీపీ చాలా ఎక్కువుందండీ. వెంటనే తీసుకొచ్చి మంచిపని చేశారు" అంది డాక్టరమ్మ. కాన్పు దాకా మందులిస్తూ కనిపెట్టుకుని ఉంది.

ఈరోజు పురుడు. వాపంతా తగ్గింది. ఆ గాజులే పద్మకి తొడిగాను. సబ్బు అక్కర్లేకపోయిందే, అక్కా.