రాని కంపెనీ

జగ్గయ్యపేట, శుక్రవారం రాత్రి

సెల్ రీఛార్జ్ కొట్టు పెట్టుకున్నవాడికి నోటిదూల ఉండకూడదు. కంపెనీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి రేట్లు పెంచాయని, మిరపకాయ కోతలకు వెళ్లే మరియమ్మ పోయిన వారం గొణిగింది. "ఇంకో కంపెనీ దిగుతోంది మరియమ్మా, ఇన్‌కమింగ్ జన్మంతా ఫ్రీ అంట. కాస్త ఆగు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నమ్మి, రీఛార్జ్ చేయించుకోకుండానే వెళ్లిపోయింది.

గడువు దాటి ఆమె ఫోనుకు ఇన్‌కమింగ్ ఆగిపోయింది. పెనుగంచిప్రోలు కోతలకు పిలుద్దామని కూలీలను కుదిర్చే మేస్త్రి ఎన్నిసార్లు చేసినా కలవలేదట. వేరేవాళ్లను ఆటో ఎక్కించుకుపోయాడు.

ఈ సాయంత్రం కొట్టుకొచ్చింది. తిడుతుందని తలొంచుకున్నాను.

"నువ్వు చెప్పిన కంపెనీ వచ్చిందా అన్నయ్యా?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "వచ్చింది, మొదటి నెల ఊరికే" అని, నా డబ్బుతో ఆమె పాత సిమ్ముకే రీఛార్జ్ కొట్టాను.

"చల్లగుండు అన్నయ్యా. మా పేటలో అందరికీ చెప్తా."

ఆమె వెళ్లగానే మేస్త్రికి ఫోన్ చేశాను. "ముఠా నిండిపోయింది బాబాయ్, ఈ సీజన్‌కి ఇక అవసరం లేదు" అన్నాడు.

రేపు ఆ ఫ్రీ కంపెనీ కోసం వాళ్ల పేటంతా వస్తే షట్టరు దించుకుని దాక్కోవచ్చు. కానీ మేస్త్రి మళ్లీ చేస్తాడేమోనని మరియమ్మ ఫోను చేతిలోనే పట్టుకుని వెళ్లింది.