కుట్టుకి వదిలిన కాస్త

హెడ్మాస్టరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పదో తరగతి చదివిన దర్జీ లెక్కల క్లాసులో మాట్లాడడం బడికి పరువు తక్కువన్నారు. నా అంతట నేనే మానుకుంటున్నట్టు రాసిమ్మన్నారు.

టీచర్లకు పని తెలిసినవాళ్లను కలిపే ఆ వెబ్‌సైటులో నేనేమీ దాచలేదు. చదువు పదో తరగతి, వచ్చిన పని కుట్టు అనే రాశాను. అది చూసే మీ లెక్కల టీచరమ్మ, వారానికోసారి ఫోను వీడియోలో క్లాసు పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచింది.

తప్పు చేశాను, ఒప్పుకుంటాను. ఫోను ముందు పళ్లేన్ని టేపుతో కొలిచి, "చుట్టుకొలత అడ్డం కొలతకి మూడింతలు, పైన కుట్టుకి కాస్త" అన్నాను.

"ఆంటీ, పళ్లేనికి కుట్టెక్కడుంటుందీ?" అంది ముందు బల్ల పిల్ల. క్లాసంతా గొల్లుమంది.

"ఆ కాస్త కుట్టుకి కాదమ్మా, ఏ గుండ్రానికైనా అదే లెక్కన ఉంటుంది" అని టీచరమ్మ సరిదిద్దింది. ముప్పై ఏళ్లుగా గుండ్రాలు కత్తిరిస్తున్నా ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. దేవుడి దయ. మర్నాడు పిల్లలు డబ్బా మూతలూ, సైకిలు చక్రాలూ కొలిచి ఆ కాస్త ఎంతో తేల్చారట.

నేను గొంతు పెంచే మనిషిని కాను. కానీ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆ చేత్తోనే అబద్ధం రాయలేను. నన్ను తీసేయాలంటే కారణం రాసి, మీరే సంతకం పెట్టి తీసేయండి. అంతవరకూ ప్రతి బుధవారం పదకొండింటికి మిషను ఆపి ఫోను ముందు కూర్చుంటాను.

ఇట్లు,
మీ టీచరమ్మ పిలిచిన దర్జీ