చిరాగ్‌పల్లి బావిలో మొదట తడిసినవాడు

హైదరాబాద్,
జనవరి 6

దేవమ్మ పెద్దమ్మకు వెస్లీ ప్రభువు పేరిట చెప్పే వందనాలు.

మన జహీరాబాద్ మెన్నోనైట్ సంఘానికి యాభై ఏళ్లు నిండాయి కదా, చరిత్ర పుస్తకం రాసే పని నా నెత్తిన పెట్టారు. పాతవాళ్లలో గట్టిగా జ్ఞాపకం ఉన్నది నీకూ, పక్కింటి సీతాబాయమ్మకూ మాత్రమే. రెండే ప్రశ్నలు. సంఘంలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు? మన మెన్నోనైట్లది కొట్లాటలే వద్దనే శాంతి సంఘమని పేరు కాబట్టి, ఈ యాభై ఏళ్లలో కొట్లాటలేమైనా జరిగాయా?

ఇంతకీ ఫోన్ చేస్తే ఎత్తవేం?

నీ కొడుకు,
వెస్లీ


జహీరాబాద్,
జనవరి 11

బిడ్డ వెస్లీకి పెద్దమ్మ దీవెనలు.

ఫోన్ల నాకు స్పీకర్ పెడితేనే వినపడ్తది. స్పీకర్ పెడితే గోడవతల సీతాబాయికి గూడ వినపడ్తది. అందుకే ఉత్తరం.

మొదటి బాప్తిస్మం మీ పెద్దనాయిన మాణిక్‌ది. చిరాగ్‌పల్లి తొవ్వల మెట్లబాయిల అయింది. పెద్ద పెద్ద అక్షరాలతోని రాయి.

కొట్లాటలా? మన సంఘంలనా? ముప్పై ఏండ్లల నేను, సీతాబాయి ఒక్కసారన్న కొట్లాడలే.

ఇట్లు,
దేవమ్మ

తా.క. (కాయితం వెనక): ఇరవయ్యేండ్ల పండుగల "మొదటి విశ్వాసి ఇంటోళ్లు లేవండి" అంటే ఇద్దరం ఒక్కపారే లేచినం. ఆ రోజు సంది మాటల్లేవు. మాటలే లేనప్పుడు కొట్లాట ఎట్లయితది?


హైదరాబాద్,
జనవరి 17

పెద్దమ్మకు వందనాలు.

నీ ఉత్తరం చదివి కళ్లు చెమ్మగిల్లాయి. పక్కపక్క ఇళ్లలో ముప్పై ఏళ్లు, ఒక్క కొట్లాట లేకుండా! "మన శాంతి సాక్షులు" అని మీ ఇద్దరి మీద ఒక పేజీ రాసి పాస్టరు అయ్యగారికి పంపాను. ఆదివారం చర్చిలో చదువుతారట.

ఒక చిక్కొచ్చింది. సీతాబాయమ్మ మనవరాలు కృప మెసేజ్ పెట్టింది. మొదటి బాప్తిస్మం వాళ్ల తాత జగదీశ్‌దట. రెండు పేర్లు వస్తే అసలు ఏ పేరూ వేయొద్దని కమిటీ అంటోంది. ఫిబ్రవరి అయిదున పుస్తకం ప్రెస్‌కు పోతుంది. సంగతేమిటి?

వెస్లీ

తా.క. మీ ఇద్దరూ చేతులు పట్టుకుని ఒక ఫోటో దిగి పంపండి.


జహీరాబాద్,
జనవరి 22

వెస్లీకి. దీవెనలు తర్వాత.

అయ్యగారు చదివిండు. "శాంతి సాక్షులు" అనంగనే సంఘమంత ఒక్కటే నవ్వుడు. బస్వమ్మకైతే దగ్గొచ్చి బయటికి తీస్కపోయిన్రు. అయ్యగారు వచ్చి ఆర్నెల్లే ఆయె, ఆయనకేమెరుక? సంతోషంతోని నవ్వుతున్రనుకున్నడు. వచ్చే ఆదివారం ప్రభుబల్లల రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఒకరి పాదాలు ఒకరు కడుగుడు ఉన్నది గద, "దేవమ్మ, సీతాబాయి జోడి" అని అందరి ముందట చెప్పేసిండు. కడగనంటే ప్రభుబల్లకు కూసోనియ్యరు. ఎక్కడ ఇరికించినవ్ రా నన్ను!

ఇగ అసలు సంగతి. అప్పటి అయ్యగారు బాయి నీళ్లల నిలబడ్డడు. జగదీశ్‌ది మొదటి నంబరు, నిజమే. మీ పెద్దనాయిన పక్క మెట్టు మీద తువ్వాల పట్టుకొని ఉండె. జగదీశ్ ఇంక దిగకముందే ఈయన కాలు జారి బుడుంగుమన్నడు. ఈత రాదు. అయ్యగారు మెడ దొరకబట్టి "నమ్ముతున్నవా?" అంటే "నమ్ముతున్న అయ్యా, జర పైకి లాగు!" అన్నడు. అయ్యగారు ఆమేన్ అని ఇంకోపారి ముంచిండు.

ఆయనకు చదువు రాదు. సంఘపెద్దల్ల ఏనాడు కూసోలే. పాట ఎత్తుకుంటే పిల్లలు నవ్వేటోళ్లు. బతుకంతల ఆయన మొదటోడైంది ఇదొక్కదాంట్లనే. ఇది గూడ తీసేస్తవా బిడ్డా?

దేవమ్మ

తా.క. కాయితం తిప్పి చూసే అలవాటు లేదా నీకు? పోయిన ఉత్తరం తియ్యి, వెనక చూడు.


హైదరాబాద్,
జనవరి 25

పెద్దమ్మా, తిప్పి చూశాను. తప్పయిపోయింది, క్షమించు.

పెదనాన్న సంగతి కమిటీకి చదివి వినిపించాను. జారిపడితే బాప్తిస్మం కాదు, తనంతట తాను దిగాలి అంటున్నారు. సీతాబాయమ్మ తనే ఒప్పుకుంటే తప్ప ఆయన పేరు ముందు వేయలేను. నాకూ బాధగానే ఉంది.

వెస్లీ

తా.క. ఆదివారం ఆమె పాదాలు కొంచెం మెల్లగా కడుగు.


జహీరాబాద్,
జనవరి 29

బంగారుకొండ వెస్లీకి పెద్దమ్మ దీవెనలు. సీతాబాయి గూడ దీవెనలు రాయమంటున్నది.

నిన్న బేసిన్ల ఆమె పాదం పెట్టింది. నేను తల ఎత్తలే. ఆమెనే వంగి నా చెవుల చెప్పింది. "దేవమ్మా, మాణిక్ జారలే. మా ఆయన నీళ్లల్లకు నూకిండు. బాయి ఎంత లోతున్నదో అని భయమై, ముందుగాల మాణిక్‌ను నూకి చూసిండట. పోయే ముందు నాకు చెప్పిండు. నీ మొకం చూసి చెప్పనీకి నాకు ధైర్యం రాలే."

యాభై ఏండ్లు! పాదం నా చేతులనే ఉండె. జర గట్టిగనే పిసికిన. ఆమె "అబ్బా!" అన్నది. అయ్యగారు "హల్లెలూయ!" అన్నడు. ఇగ ఇద్దరికి నవ్వు ఆగలే. నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్చినం బిడ్డా.

మాణిక్ పేరే ముందు రాయాలని సీతాబాయి ఒప్పుకున్నది, సంతకం గూడ పెడ్తదట. కానీ నూకిండని రాస్తే శాంతి సంఘం పరువేం గావాలె? ఇద్దరం పొద్దంత కూసొని ఒక మాట కుదిర్చినం. కాయితం తిప్పు.

దేవమ్మ

తా.క. (కాయితం వెనక): ఇగ ఫోన్ చెయ్యొచ్చు. సీతాబాయి నా పక్కనే కూసొని వింటది. ఇన్నేండ్లు గోడకు చెవి పెట్టి మెడ పట్టేసిందట.

పుస్తకంల ఇట్ల రాయి: "సహోదరుడు జగదీశ్ గారి ప్రోత్సాహముతో, మాణిక్ గారు అందరికంటె ముందు నీళ్లలోనికి దిగిరి."