రైట్ అనే మాట కింద ఒక వాక్యం

బ్యాంకాక్,
బుద్ధశకం 2519, నవంబరు 12, శుక్రవారం.

బువాలైకి నీ భర్త ఎంతో ప్రేమతో రాస్తున్న ఉత్తరం.

నువ్వూ, కడుపులో బిడ్డా, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి కుదుటపడ్డాను. ఇక్కడ నేనూ క్షేమమే. ఈ ముక్క రాయకపోతే నాకు కలం కదలదు కాబట్టి రాశాను. నిజంగా నేనెలా ఉన్నానో తర్వాత చెబుతాను.

ముందు ఒక పని ఉంది. మా ఆఫీసు విచియన్ సోమవారం బ్యాంకాక్ రైలు ఎక్కకూడదు. ఇక్కడిదాకా చదివి, కాగితాలు మడిచి వాళ్ళింటికి వెళ్ళి ఆ మాట చెప్పిరా. ఎందుకని అడిగితే, ఆఫీసు ఎదురుగా నూడుల్సు బండి దగ్గర ఇద్దరు మనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతని కోసం కూర్చుంటున్నారని చెప్పు. నిండు నెలలదాన్ని ఎండలో నడిపిస్తున్నానని నన్ను తిట్టుకో. కానీ ఇంకెవరితోనూ కబురు పెట్టకు. అత్తయ్యగారితో కూడా వద్దు, ఆవిడ సంతలో నలుగురికీ చెప్పేస్తారు.

వెళ్ళొచ్చావా? అయితే కూర్చో. మంచినీళ్ళు తాగి మిగతాది చదువు.

దీన్ని టపాలో వేయలేదు. ఉత్తరాలు విప్పి చూస్తున్నారని అందరూ అంటున్నారు. రైల్లో వంట చేసే లమున్ పిన్ని నడుం దగ్గర దోపుకుని తెస్తానంది. ఏముంది ఇందులో అని ఆవిడ అడగలేదు. ఈ నెల రోజుల్లో మనుషులు అడగడం మానేశారు.

నువ్వడిగినవాటికి జవాబులు. నీ చేపలు రెండూ బతికే ఉన్నాయి. మగది మాత్రం నన్ను చూస్తే రెక్కలు విప్పి కొట్లాటకొస్తుంది, నీ పెంపకం కదా. పురిటి మంచం కింద నెల రోజులు కుంపటి పెట్టాలని అత్తయ్యగారు ఇప్పట్నుంచే కట్టెలు పేరుస్తున్నారన్నావు. పెట్టనీ. నర్సమ్మ వద్దంటుందని ఆవిడతో వాదించకు, ఆ వాదన గెలిచినవాళ్ళు మీ ఊళ్ళో లేరు. వేళకి తింటున్నారా అని అడిగావు. తినడం లేదు. నువ్వు పంపిన జిగట అన్నం, కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చడి ముందు పెట్టుకుని కూర్చుంటాను. రెండు ముద్దలు దిగాక వీధిలో జీపు చప్పుడవుతుంది. అది వెళ్ళిపోయినా మూడో ముద్ద దిగదు.

"ఇంకా ఆ రైట్ అనే మాటలోనే ఉన్నారా? మీరు అందులోంచి బయటపడేలోపు బిడ్డ బయటికొచ్చేస్తుంది" అని రాశావు. నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు. కానీ దాని గురించే రాయాలి ఇప్పుడు.

మా నిఘంటువు కోసం ఆ చిన్న ఇంగ్లీషు మాటకి మన భాషలో ఇరవై మూడు అర్థాలు తేల్చాను బువాలై. కుడివైపుకి ఖ్వా. తప్పు కానిదానికి థూక్. ఔనంటే ఛై. అక్కడికక్కడే అంటే ఇంకొకటి, నిటారుగా అంటే మరొకటి. మా ఆచార్య సంగువాన్‌గారి పద్ధతి నీకు తెలుసుగా. ప్రతి అర్థం కిందా ఒక వాక్యం ఉండాలి, అది పుస్తకంలోది కాకూడదు, బతికున్న మనిషి నోటినుంచి వచ్చింది కావాలి. అందుకే జేబులో చీటీలు పెట్టుకుని సంతలూ బస్సులూ తిరిగేవాణ్ణి. కుడివైపుకి బస్సు కండక్టరు దొరికాడు. తప్పు కానిదానికి, తూకం సరిగ్గా ఉందని ఒట్టేసే చేపలామె దొరికింది. సిత్థికి, అంటే హక్కుకి, మూడు నెలలు ఎవరూ దొరకలేదు. సంతలో ఆ మాట ఎవరూ అనరు. చివరికి ఎప్పుడో నా చెవిన పడ్డ ఒకే ఒక వాక్యం రాసుకున్నాను. అది టైపయింది, అచ్చుకి వెళ్ళింది, సరిచూసే కాగితాల్లో వచ్చింది.

విచియన్ ఎప్పుడూ నా బల్ల మీద కూర్చుని ఎగతాళి చేసేవాడు. "ఏం గురూ, ఇంకా కుడివైపే ఉన్నావా? ఎడమకి తిరిగేదెప్పుడు?" అనేవాడు. ఆ వేళాకోళానికి మొన్న సెప్టెంబరులో గదంతా నవ్వింది. ఇప్పుడైతే లేచి తలుపు వేస్తారు.

పోయిన నెల విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిగి సైన్యం గద్దెనెక్కాక మా ఆఫీసు పదిరోజులు మూసి ఉంది. తెరిచేటప్పటికి విచియన్ లేడు. గదికి తాళం వేసి ఎటో వెళ్ళిపోయాడని ఇంటావిడ చెప్పింది. చదువుకున్నవాళ్ళు ఎంతమందో అడవులకెళ్ళి కమ్యూనిస్టుల్లో కలిశారు కదా, ఇతనూ వెళ్ళిపోయాడనే అందరం అనుకున్నాం. పైకి ఎవరూ అనలేదు. అతని కుర్చీ మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.

అప్పటినుంచి ఊరంతా పుస్తకాలు వదిలించుకునే పనిలో పడింది. మన పక్కింటాయన పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, పైన వంగమొక్కలు నాటాడు. ఈ ఏడాది దీపాల పండక్కి కాలవలో దొన్నెల మధ్య పుస్తకాలు కూడా తేలాయి. నేను మన బొగ్గుల కుంపట్లో నా చీటీలన్నీ కాల్చాను. పన్నెండేళ్ళ చీటీలు, అరపూటలో అయిపోయాయి.

పోయిన సోమవారం మా ఆఫీసుకి ఇద్దరు సైనికులూ, మామూలు చొక్కా వేసుకున్న ఒక అధికారీ వచ్చారు. అధికారి మర్యాదస్తుడు. కాఫీ ఇస్తే రెండు చేతులూ జోడించి పుచ్చుకున్నాడు. అతను అరిచి ఉంటే నాకింత భయం వేసేది కాదేమో. అచ్చు కాగితాలు తెప్పించుకుని, రైట్ దగ్గర ఆగి, అర్థాలన్నిటినీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. హక్కు దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడున్న వాక్యాన్ని గట్టిగా చదివాడు. "ఏడాదంతా దున్నింది నేను, నాకు తినే హక్కు లేదా?"

"బాగుందండీ వాక్యం. ఎవరు రాశారు?" అన్నాడు.

ఆచార్యులవారు కప్పు కింద పెట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

ఆ మర్నాటినుంచే ఆ ఇద్దరు మనుషులు నూడుల్సు బండి దగ్గర కూర్చుంటున్నారు. విచియన్ కోసం.

నిన్న నీ ఉత్తరం అందింది. "విచియన్‌గారు సంతలో కనిపించారు. వాళ్ళమ్మ మెట్లమీంచి పడి తుంటి విరగ్గొట్టుకుందట, టెలిగ్రాం అందిన వెంటనే ఉన్నపళంగా వచ్చేశారట. కోతలు అయిపోయాయి, సోమవారం రైలుకి వస్తున్నానని మా గురువుకి చెప్పమ్మా, నా కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దనమను, అన్నారు" అని రాశావు. అది గుమ్మంలోనే నిలబడి మూడుసార్లు చదివాను.

ఎందుకంటే అతని పేరు చెప్పింది నేనే బువాలై.

ఇందాకటినుంచి ఈ మాట దగ్గరికి రావడం, పక్కకి తప్పుకోవడం, నీ చేపల గురించి రాయడం. "విచియన్ రాశాడండీ, నెలనుంచీ రావడం లేదు" అన్నాను. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. పోయినవాడి మీద వేస్తే వాడికి పోయేదేముంది అనుకున్నాను. ఊళ్ళో ప్రతి ఆఫీసులోనూ ఇదే జరుగుతోంది, అడవికి పోయినవాళ్ళ నెత్తిన అన్నీ రుద్దేస్తున్నారు. అధికారి ఒక కాగితం నాముందు పెట్టాడు. సంతకం కూడా చేశాను.

ఆ వాక్యం ఎవరిదో నువ్వు చదవగానే పోల్చుకుని ఉంటావు. మీ నాన్నగారిది. మన పెళ్ళయిన ఏడు, కళ్ళంలో భూస్వామి మనుషులు ధాన్యం సగానికి పైగా తూచుకుపోతుంటే తలపాగా తీసి నేలకేసి కొట్టి అన్న మాట. ఆయన పోయాక ఆ గొంతు ఎక్కడైనా ఒక చోట ఉండాలని నేను రాసుకున్నాను. తీరా అది ఎవరి మాట అని అడిగితే మీ నాన్ననీ కాదన్నాను, నన్నూ కాదన్నాను. నన్ను మీ ఊరు తీసుకొచ్చి, నిన్ను చూపించి, మీ నాన్నగారి దగ్గర నాకు పూచీ ఉన్న మనిషి మీద పెట్టాను.

నూడుల్సు బండి దగ్గర వాళ్ళని చూసినప్పటినుంచీ, వెళ్ళి నిజం చెప్పేద్దామని మూడు రోజులూ పొద్దున్నే బయల్దేరాను. సైనికుల గేటు కనిపించేదాకా వెళ్ళగలిగాను. అక్కడినుంచి కాళ్ళు వెనక్కే నడిచాయి. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పేవాళ్ళు లేరు. బిడ్డ పుట్టేటప్పుడు వస్తారా అని అడిగావు. ఏమని రాయను? వస్తానని రాసి అబద్ధమాడలేను, రానని రాయడానికి గుండె చాలడం లేదు.

విచియన్ రైలు ఎక్కకపోయినా మీ ఊరు వాళ్ళకి ఎంతో దూరం కాదు. ఇవాళ కాకపోతే వచ్చే నెల వెతుక్కుంటూ వస్తారు. అందుకని విను. రైట్ అనే మాట కింద ఉన్న ఆ వాక్యం రాసింది నేను. విచియన్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. నేను వాళ్ళకి ఇచ్చిన కాగితం అబద్ధం. ఈ ముక్కలు వాళ్ళకోసం రాశాను, ఈ ఉత్తరమంతా నా చేతిరాతే. అతన్ని పట్టుకుంటే దీన్ని చూపించి బయటపడొచ్చు. అప్పుడు నాకోసం వస్తారు.

దీన్ని అతని చేతికిస్తావో, పొయ్యిలో పెడతావో నువ్వే తేల్చుకో. మోయలేని మనిషి మీద మోయలేని బరువు పెడుతున్నానని తెలుసు. నన్నడిగితే పొయ్యిలో పెట్టమంటాను. రేపడిగినా అదే అంటాను, ఎల్లుండి అడిగినా అదే అంటాను. అందుకే నన్ను అడగొద్దు.

ఎప్పుడూ నీవాణ్ణి అని రాసి వదిలేసేవాణ్ణి. ఈసారి ఇంటిపేరుతో సహా రాస్తున్నాను, రేపు ఎవరైనా ఇది నీదేనా అంటే కాదనడానికి వీల్లేకుండా.

ఇట్లు,
నీ భర్త,
చమ్నాన్ ఫొంగ్‌సువాన్