గుర్వయ్య మడత కత్తి

మోత్కూరు
మాఘ మాసం, 1949

నన్ను కన్న బాపుకు, నీ అండాలు దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమం అని రాయాలి. రాయను. నీ అల్లుణ్ణి మిలిటరీ క్యాంపు నుంచి వదిలిపెట్టారు గాని, కుడిచేతి వేళ్లు విరగ్గొట్టి పంపారు. మూడు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి, పిడికిలి పడదు. సంఘపోళ్లకు బరిసెలు కొట్టి ఇచ్చినందుకు ఈ శిక్ష. ఎవరెవరికి ఇచ్చావని ఎంత కొట్టినా ఒక్క పేరు చెప్పలేదట. ఆ పేర్లవాళ్లు ఇప్పుడు మా గడప ముందు నుంచి నడవకుండా చుట్టు తిరిగి పోతున్నారు. సిగ్గో, భయమో వాళ్లకే తెలియాలి. నాకు మాత్రం ఒళ్లు మండుతున్నది.

మొన్న నేనే కొలిమి రాజేశాను. ఆయన లేచి వచ్చి, కుండెడు నీళ్లు గుమ్మరించాడు. "చెయ్యి లేనోనికి కొలిమెందుకే" అన్నాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నాతో కొట్లాడినా బాగుండు. కమ్మరి ఇంట్లో పుట్టి కమ్మరి ఇంటికే వచ్చినదాన్ని, ఇనుము చప్పుడు లేని ఇంట్లో నాకు ఊపిరాడడం లేదు.

అందుకే నిశ్చయం చేసుకున్నాను. బండి కట్టుకొని వచ్చి నన్ను రామన్నపేటకు తీసుకుపో. దాగలి కూడా బండిలో వేసుకో, ఇక్కడ దాని మీద ఇనుము పెట్టేవాడు లేడు. ఆయన వస్తే రానీ, రానంటే ఉండనీ. కఠినంగా రాశానని తిట్టుకోకు. రాస్తుంటే ఏడుపు వస్తూనే ఉన్నది.

గొర్ల గుర్వయ్య మంద తోలుకొని మీ దిక్కు వస్తున్నాడు, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీ బిడ్డ
అండాలు


రామన్నపేట
మాఘ మాసం

చిరంజీవి అండాలును బాపు దీవించి రాయునది.

ఉత్తరం చదివాను. మళ్లీ చదివాను. ఇప్పుడు బండి కట్టేటట్టు లేదు, ఎద్దు కుంటుతున్నది. దాని కాలు బాగుపడగానే వస్తాను. అందాకా దాగలిని కదిలించకు.

ఈలోపల ఒక పని. గుర్వయ్య మడత కత్తి బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. గొర్లు ఈనుతున్నాయి, పిల్లల బొడ్డు కోయడానికి ఆయనకు అదే దిక్కు. సన్న సీల నా కళ్లకు ఆనడం లేదు. ఈ ఉత్తరంతో పాటు కత్తి కూడా ఆయనే తెస్తాడు, అల్లుడు భిక్షపతికి చూపించు. చెయ్యనంటే నువ్వే విప్పు, నా కడుపున పుట్టినందుకు ఆ మాత్రం రాకపోదు.

మీ బాపు


మోత్కూరు
ఫాల్గుణ మాసం

మాయదారి బాపుకు, నీ అండాలు నమస్కారాలు.

కత్తి సంగతి మొదటి నుంచి చెప్తాను. కత్తిని చేతి నుంచి చేతికి ఇయ్యరు గదా, గుర్వయ్య దాన్ని అరుగు మీద పెట్టి పోయాడు. నీ అల్లుడు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. నాకు కోపమొచ్చి, దాన్ని తీసుకొని ఆయన కళ్లెదుటే కూర్చున్నాను. ఆకురాయితో సీలల తలలు అరగదీసి, సన్న మొల పెట్టి బయటికి తన్నాను. బర్రెకొమ్ము పిడి రెండు చెక్కలుగా విడిపోయింది. కోసే అలుగు, వెనక దాన్ని ఒత్తిపట్టే కమాను ఊడి ఒళ్లో పడ్డాయి. లోపలంతా తుప్పు, గొర్రె ఉన్ని. అన్నీ ఇటుకపొడితో తోమి నూనె రాశాను. ఇంతవరకు నా గొప్పే.

కూర్చే దగ్గర వచ్చింది తంటా. కమాను ఒత్తిపడితేనే చిల్లులు ఎదురెదురు వస్తాయి. ఒత్తిపడితే సీల దూర్చడానికి చెయ్యి మిగలదు. మోకాలితో తొక్కిపట్టి ఎట్లాగో దూర్చాను. ఇక దాని తల కొట్టాలి. నాకు తెలిసింది సమ్మెట దెబ్బ ఒక్కటే, చిన్నప్పుడు నువ్వు కర్రు పట్టుకుంటే నేను ఎత్తి వేసిందే. అదే వేశాను. సీల వంకరపోయి మంచం కిందికి ఎగిరింది.

"గా దెబ్బకు నాగటి కర్రే సాగుతది. సీల పాణమెంతనే?"

తలెత్తి చూస్తే నీ అల్లుడే. "గట్లయితే ఎట్ల కొట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

వచ్చి నా ముందు కూర్చున్నాడు. నాతో కొత్త సీల కోయించాడు. ఎండిన మోదుగాకు ముక్కలు అలుగుకు, చెక్కలకు నడుమ పెట్టమన్నాడు. సీల బిగించినాక ఆకు లాగేస్తే, ఆ సందు అలుగు తిరగడానికి సరిపోతుందట. ఎడమచేత్తో పిడి పట్టుకొని, ఆ విరిగిన చేతి మణికట్టుతో కమాను ఒత్తిపట్టాడు. నేను కొట్టాను. "జర మెల్లగ. నడిమిట్ల కాదు, అంచు చుట్టు కొట్టు" అంటూనే ఉన్నాడు. ఆకు లాగి తెరిస్తే టక్కుమని తెరుచుకున్నది. ఆయన దాన్ని మూస్తాడు, తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. అప్పుడు ఏడ్చాడు బాపూ. "ఎవ్వలు రాకున్నా నాకు ఫికర్ లేదే. నేనే దేనికి పనికిరానోన్ని అయిన్ననుకున్న" అన్నాడు. నేనూ ఏడ్చాను.

సుత్తి చప్పుడు ఊళ్లో వినపడ్డట్టున్నది. తెల్లారి పోచయ్య కర్రు పట్టుకొని వచ్చి, తల వంచుకొని వాకిట్లో నిలబడ్డాడు. చెప్పని పేర్లలో ఆయనదొకటి. నేను దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి గాని, నోరు తెరవకముందే నీ అల్లుడు "లోపటికి రా పోచన్నా, తిత్తి ఊదు" అన్నాడు. పోచయ్య ఊదాడు. నీ అల్లుడు ఎడమచేత్తో పట్టుకారు పట్టి, ఎక్కడ కొట్టాలో చెప్పాడు. నేను కొట్టాను. ఇప్పుడు మా కొలిమి ఇట్లానే నడుస్తున్నది.

ఇక నీ సంగతి. అరగదీసేటప్పుడు చూశాను, ఆ పాత సీల తల మీద కొత్త దెబ్బ తళతళలాడుతున్నది. తుప్పుతో బిగుసుకున్న సీల అట్లా మెరవదు. కత్తి కోసం వచ్చిన గుర్వయ్యను నిలదీస్తే, "మీ బాపే కొట్టి బిగించిండు బిడ్డా, నేను వద్దని మస్తు మొత్తుకున్న" అన్నాడు. మీ ఎద్దులకు కుంటు కూడా లేదట.

కాబట్టి బండి కట్టుకొని రా, నన్ను తీసుకుపోవడానికి మాత్రం కాదు. ఇక్కడి సుత్తి పిడి లావు, ఆయన పిడికిలికి చేసుకున్నది, నా గుప్పిట్లో ఇమడదు. నా చెయ్యి ఎంతుంటుందో నీకు తెలుసు. దానికి సరిపోయే సుత్తి ఒకటి కొట్టి తీసుకురా. ఆడది సుత్తి పట్టిందని ఊళ్లో అనేవాళ్లు అంటున్నారు. అననీ, దుక్కుల కాలం వస్తే వాళ్ల కర్రులూ నేనే కొట్టాలి.

నీ బిడ్డ
కమ్మరి అండాలు