ముందటి రెండు పండ్లు

2011, శ్రావణ శుక్రవారం, సెంటినరీ కాలనీ

ఇయ్యాల కరీంనగర్‌ల పండ్ల డాక్టర్ నాకు ముందటి రెండు పండ్లు పెట్టిండు. దౌడ ఎముకల బిగించిన మరలు బొక్కకు పట్టేదాక ఇన్ని నెలలు ఆగినం. అద్దం చేతికిచ్చి "ఒకసారి నవ్వమ్మా" అన్నడు.

పోయినేడు రామగిరి నుంచి బండి మీద వస్తుంటే, మా ఆయన వాళ్ల సూపర్‌వైజర్ లెక్క గొంతు పెట్టి మాట్లాడిండు. నేను నవ్వుతనే ఉన్న, లారీ గుద్దింది. నాకు పండ్లు ఊడినయ్. ఆయన అక్కడ్నే పాణమిడిసిండు. మళ్ల నేను నవ్వింది లేదు.

అద్దంల చూసుకుంట నవ్విన. అచ్చం పాత నవ్వే. కండ్లల్ల నీళ్లాగలె.

"నొస్తున్నదా అమ్మా?" అన్నడు డాక్టర్.

"లేదు సార్."

ఇంటికొచ్చినంక అత్త నా గదువ పట్టుకొని చూసింది. ఈ పండ్లు పెట్టిచ్చుకోమని పట్టువట్టింది అత్తనే.

"పెండ్లినాడు గిట్లనే నవ్వినవ్ బిడ్డా" అన్నది. అని, కొడుకు ఫొటో దిక్కు చూసి కూలవడ్డది. ఇద్దరం పట్టుకొని ఏడ్చినం.

రేపు డ్యూటీకి పోతే అందరు "మంచిగైనవ్" అంటరు. మంచిగైంది పండ్లే అని వాళ్లకెట్ల చెప్పాలె...