బొరుగుల పొట్లం ఏ పార్టీ?

గార్లదిన్నె, జూన్ 12

ప్రియమైన నూర్‌కు,

నీకు ఫోనులో సరిగా వినబడదు కాబట్టి రాస్తున్నాను. మన వారపత్రికలో 'బొరుగుల పొట్లం' హాస్య శీర్షిక చూస్తున్నావా? అది రాసేవాడు అధికార పక్షానికి అమ్ముడుపోయాడు. పోయిన వారం ప్రతిపక్షం పాదయాత్రను వెక్కిరించాడు. విత్తనం పడని చేల గురించి ఒక్క మాట లేదు. శీర్షిక ఆపేయమని సంపాదకుడికి రాశాను.

గంగాదేవి పోయి ఏడు నెలలైంది. వంట నేర్చుకున్నాను. తినగలుగుతున్నాను.

నీ మల్లికార్జున

పుట్టపర్తి, జూన్ 18

ప్రియమైన మల్లికార్జునా,

ఏమప్పా, కళ్ళజోడు మార్చుకో. ఆయన ప్రతిపక్షం మనిషి. నీళ్ళు లేని చెరువులో మంత్రి పడవ ప్రారంభించినట్టు రాసింది ఎవరు? నేనూ సంపాదకుడికి రాశాను, పక్షపాతం తగ్గించమని. ఆపమని మాత్రం రాయలేదు.

నా గడియారాల అంగడిలో రోజూ ఇదే తగువు. నీ ఉత్తరం చూసి మా ఇంటామె సైదాబీ విసుక్కుంది: "మీరిద్దురూ సదివేది ఒకటే పత్రికేనా? గంగక్క ఉండింటే ఇద్దురికీ గడ్డి పెట్టుండేది."

నూర్ మహమ్మద్

గార్లదిన్నె, జులై 13

నూర్,

నా ఉత్తరం అచ్చయింది. ఆ మరుసటి వారం నుంచి శీర్షిక లేదు. మూడు వారాలు.

నీకొక్కడికే చెబుతున్నాను. ఆ శీర్షిక గంగాదేవిది. ఇరవై ఏళ్ళు, ప్రతి గురువారం, నేను గడ్డం గీసుకుంటుంటే పైకి చదివేది. ముందే ఒకసారి మనసులో చదువుకునేది కాబట్టి, మాట కంటే ముందు నవ్వు వచ్చేది. "ఉండబ్బా, సదువుతా" అనేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నేనుగా దాన్ని చదివింది ఈ ఎనిమిది నెలలే. నాకు నవ్వు కనబడలేదు. పార్టీలే కనబడ్డాయి.

ఆమెకు ఇష్టమైనదాన్ని నేనే ఆపించాను. సంపాదకుడికి మళ్ళీ రాయాలని కూర్చుంటే చేయి సాగడం లేదు. నువ్వు రాస్తావా?

మల్లికార్జున

పుట్టపర్తి, జులై 23

నా ప్రియమైన మొండివాడికి,

ముందు ఊపిరి పీల్చుకో. నువ్వేమీ ఆపలేదు.

సైదాబీతో పత్రిక ఆఫీసుకు ఫోను చేయించాను. విన్నది నా చెవిలో అరిచి చెప్పింది: "ఆయప్పకు రెండు కండ్లల్లో పొరలు తీసినారంట. రాయొద్దన్నాడంట డాక్టరు. వచ్చే వారం మళ్ళా వస్తాదంట." అంగడి ముందు పోయేవాళ్ళంతా నిలబడి విన్నారు.

మనిద్దరి ఉత్తరాలూ ఆయనకు చదివి వినిపించారట. పడీ పడీ నవ్వాడట.

ఇంక నిద్రపో అన్నా.

నూర్

గార్లదిన్నె, ఆగస్టు 1

ప్రియమైన నూర్,

పొద్దున పత్రిక వచ్చింది. పొట్లం ఉంది.

"గార్లదిన్నె పాఠకుడు నా కళ్ళు అధికార పక్షానికి అమ్ముకున్నానన్నారు. పుట్టపర్తి పాఠకుడు ప్రతిపక్షానికన్నారు. భయపడి రెండూ డాక్టరుకు చూపించాను. పొర తప్ప పార్టీ ఏదీ దొరకలేదని రాసిచ్చాడు."

మనసులో చదివాను. నవ్వు రాలేదు. అద్దం ముందు నిలబడి, చెంపలకు సబ్బు పూసుకుని, పైకి చదవడం మొదలుపెట్టాను. 'గార్లదిన్నె పాఠకుడు' దగ్గరే ఆగిపోయాను. డాక్టరు దాకా పోలేకపోయాను. సబ్బంతా పత్రిక మీద పడింది.

పక్కింటి నల్లమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది. "ఎవురొచ్చినారు సారూ? ఒకటే నవ్వుతాండారు?"

"ఉండమ్మా, సదువుతా" అన్నాను.

నీ
గార్లదిన్నె పాఠకుడు